ఐరిష్ సంప్రదాయ సంగీతాన్ని, బరోక్ సంగీతాన్ని కలపవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో. మీరు హైదరాబాద్‌లో వెస్టర్న్ వయొలిన్ నేర్చుకుంటున్నారు. మీ స్నేహితుడు టిన్ విజిల్ (చిన్న లోహపు పిల్లనగ్రోవి) వాయిస్తాడు. చెల్లో వాయించే అమ్మాయి ఒకరు, కీబోర్డు మీద హార్ప్సికార్డ్ (పియానోకి ముందున్న, తీగల్ని మీటే వాద్యం) ధ్వని పెట్టుకుని వాయించే అబ్బాయి ఒకరు తోడయ్యారు. నలుగురూ కలిసి అరగంట కార్యక్రమం చేద్దామనుకుంటున్నారు. ఐరిష్ వరసల కింద బరోక్ పద్ధతిలో (సుమారు 1600-1750 నాటి యూరప్ శాస్త్రీయ సంగీతం పద్ధతిలో) తీగవాద్యాలు పెడితే నిజంగా కలుస్తాయా, లేక రెండూ చెడతాయా, కలిస్తే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

కలుస్తాయి. బాగా కలుస్తాయి. వరసని ముట్టుకోకండి, బేస్‌ని (కింద నడిచే మంద్ర స్వరాల్ని) పలచగా ఉంచండి, మొదటి పాట పాత ఐరిష్ హార్ప్ విద్వాంసుడు కారొలన్‌ది ఎంచుకోండి. ఇదే నా సమాధానం. ఎందుకిలా అంటున్నానో, నేను ఎక్కడెక్కడ దెబ్బతిన్నానో కింద వివరంగా రాస్తాను.

నా సంగతి రెండు ముక్కల్లో. చిన్నప్పుడు విజయనగరంలో కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. ఉద్యోగం మీద ఐర్లండ్ వచ్చి 18 ఏళ్ళు దాటింది. గురువారం రాత్రుళ్ళు ఊళ్ళో పబ్‌లో అందరూ కలిసి ఐరిష్ వరసలు వాయించుకునే సెషన్‌కి ఫిడిల్ (అదే వయొలిన్) పట్టుకెళ్తాను. ఆదివారాలు ఆరుగురమున్న చిన్న బరోక్ బృందంలో రెండో వయొలిన్ వాయిస్తాను. ఈ రెండు గదుల మధ్య ఇన్నేళ్ళు తిరగడం వల్ల తెలిసినవే ఇవన్నీ.

ఇది ఈ మధ్య ఎవరో కనిపెట్టిన ఫ్యూజన్ కాదని ముందు గుర్తుపెట్టుకోండి. 18వ శతాబ్దపు డబ్లిన్‌లో ఈ రెండు సంగీతాలూ ఒకే వీధిలో ఉండేవి. ఐరిష్ వరసలు మొట్టమొదట పుస్తకంగా అచ్చయింది 1724లో, డబ్లిన్‌లోనే. అచ్చువేసినవారు జాన్ నీల్, విలియం నీల్. బరోక్ సంగీతకర్త హాండెల్ రాసిన ‘మెస్సయా’ మొదటిసారి ప్రజల ముందు వినిపించింది 1742 ఏప్రిల్ 13న, ఫిషాంబుల్ స్ట్రీట్‌లోని సంగీతశాలలో. ఆ శాల నడిపింది కూడా విలియం నీలే. ఐరిష్ వరసల పుస్తకం, ‘మెస్సయా’ ఒకే ఇంటి గుండా బయటికి వచ్చాయన్నమాట. హాండెల్ డబ్లిన్ కచేరీల్లో వాద్యబృందానికి ముందు నిలిచిన వయొలినిస్టు మాథ్యూ డుబోర్గ్. ఆయన ఇటాలియన్ విద్వాంసుడు జెమినియాని శిష్యుడు. ‘ఐలీన్ అరూన్’ అనే పాత ఐరిష్ పాట మీద ఆయన వేరియేషన్లు రాశాడు. కోరెల్లి దగ్గర చదువుకున్న జెమినియాని కూడా 1733 నుంచి డబ్లిన్‌లో చాలా ఏళ్ళున్నాడు, 1762లో అక్కడే కన్నుమూశాడు. మీరు చేయబోయే పని వాళ్ళు అప్పుడే చేసి ఉంచారు.

ఇక కారొలన్. టర్లో ఓ కారొలన్ 1670లో మీథ్ కౌంటీలో పుట్టాడు. 18 ఏళ్ళప్పుడు మశూచి వచ్చి చూపు పోయింది. మెక్‌డెర్మట్ రో కుటుంబపు ఇల్లాలు ఆయనకి హార్ప్ నేర్పించి, ఒక గుర్రాన్నీ దారి చూపే మనిషినీ ఇచ్చి పంపింది. అప్పటినుంచి 1738లో పోయేదాకా ఆయన జమీందార్ల ఇళ్ళ చుట్టూ తిరుగుతూ, ఆదరించినవాళ్ళ పేరు మీద వరసలు కట్టాడు. 200కి పైగా మిగిలాయి. ఆ ఇళ్ళలో అప్పటికే కోరెల్లి, వివాల్డి మోగుతున్నారు. అవి చెవిన పడకుండా ఎలా ఉంటాయి? ‘కారొలన్ కాన్చెర్టో’ అని పిలిచే వరస ఒక్కసారి వాయించి చూడండి. ఒక చిన్న పదబంధాన్ని మెట్టు మెట్టుగా కిందికి దించుకుంటూ పోవడం, ప్రశ్నకి జవాబులా రెండో భాగం రావడం, ఇవన్నీ ఇటలీ నుంచి వచ్చిన అలవాట్లే. కానీ నడకలో మాత్రం ఐర్లండ్ పల్లె ఉంటుంది. జెమినియాని కావాలని అక్కడక్కడా చెడగొట్టి పంపిన ఇటాలియన్ రచనని కారొలన్ విని, ‘ఇక్కడా అక్కడా కుంటుతోంది’ అని తప్పులు చూపించాడని ఒక కథ ఉంది. కథే కావచ్చు. కానీ ఆయన చెవి ఎలాంటిదని జనం నమ్మారో దాన్నిబట్టి తెలుస్తుంది.

కారొలన్ వరసలు మనకి చేరింది దాదాపు ఒంటి గీతగానే. కింద ఆయన ఏ బేస్ వాయించాడో రాసిపెట్టినవాళ్ళు లేరనే చెప్పాలి. ఆ ఖాళీయే మీకు దొరికిన చోటు. అందరూ తప్పు చేసేదీ అక్కడే. నేను కూడా అక్కడే చేశాను.

మా బృందంలో మొదటిసారి ‘షీబెగ్ షీమోర్’ ఎత్తుకున్నాం. డి మేజర్, మూడు దెబ్బల తాళం, నిదానమైన పాట. కారొలన్ కట్టిన మొదటి వరస అదేనంటారు. మా హార్ప్సికార్డ్ ఆవిడ బాగా చదువుకున్న మనిషి. తనకి వచ్చిన పద్ధతిలో ప్రతి దెబ్బకీ నాలుగు స్వరాల కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) వేసింది. చెల్లో ప్రతి స్వరాన్నీ బార్ (తాళం ఒక చుట్టు) చివరిదాకా సాగదీసింది. పైన నేను, ఫ్లూట్ అబ్బాయి. తప్పు స్వరం ఒక్కటి లేదు, శ్రుతి కూడా చక్కగా ఉంది. అయినా పాట మెడకి రాయి కట్టినట్టయిపోయింది. మూడుసార్లు వాయించాం, మూడుసార్లూ అంతే.

అప్పుడు చర్చి వెనక గదిలో కూర్చుని విన్నాయన ఒక మాట అన్నాడు. ఆయన 70 దాటిన ఫిడిలర్, రైతు. ‘పాట ఊపిరి తీసుకోవడానికి మీరు చోటివ్వడం లేదు’ అన్నాడు. సరేనని హార్ప్సికార్డ్ ఆవిడ ఎడమ చెయ్యి తప్ప అంతా ఆపేసింది. ఒక్కో బార్‌కి మొదటి దెబ్బ మీద ఒక్క బేస్ స్వరం, ఎక్కడైనా అవసరమనిపిస్తే దాని మీద పంచమం. రెండు, మూడు దెబ్బలు ఖాళీ. చెల్లో ఆవిడ స్వరం పలికించి వెంటనే కమాను ఎత్తేసింది. ఆ క్షణంలో పాట లేచి నిలబడింది. ఆ తేడా విన్నాక గదిలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు.

కారణం వాద్యంలోనే ఉంది. కారొలన్ వాయించింది ఇప్పటి నరాల (జంతువుల పేగు) తీగల హార్ప్ కాదు, ఇత్తడి తీగలది. మీటితే చాలాసేపు మోగుతూనే ఉంటుంది. అందుకని వాయించేవాడు తర్వాతి స్వరం మీటుతూ ముందు స్వరాన్ని వేలితో ఆపాలి. దట్టమైన కార్డులు వేస్తే ఒకదాని మీద ఒకటి పడి అంతా గందరగోళమవుతుంది. అంటే ఆ వాద్యమే తక్కువ స్వరాలు వాయించమని అడుగుతుంది. 1960ల మొదట్లో ఐరిష్ సంగీతకర్త షాన్ ఓ రీయదా తన క్యోల్టోరీ ఖూలన్ బృందంలో కారొలన్ వరసలకి హార్ప్సికార్డ్ పట్టుకున్నది ఈ లెక్కతోనే. పాత ఇత్తడి హార్ప్ గలగలకి ఇప్పటి మెత్తని హార్ప్ కంటే హార్ప్సికార్డే దగ్గర అన్నది ఆయన వాదన. నా చెవికి అది అక్షరాలా నిజం. మీ కీబోర్డు అబ్బాయి చేతిలో ఆ ధ్వని ఉంది కాబట్టి మీరు అదృష్టవంతులే. ఆ చేతులకి కాస్త విశ్రాంతి నేర్పితే చాలు.

రెండో పెద్ద ప్రమాదం నిషాదం. ఇది మనవాళ్ళకి చెబితే వెంటనే తెలుస్తుంది. చాలా ఐరిష్ వరసలు మేజర్‌లోనూ ఉండవు, మైనర్‌లోనూ ఉండవు. వాళ్ళు మిక్సోలిడియన్ అనేది మన హరికాంభోజి స్వరాలు. డోరియన్ అనేది ఖరహరప్రియ స్వరాలు. రెండింట్లోనూ ఉన్నది కైశికి నిషాదం. బరోక్ చదువు చదివిన చెయ్యి మాత్రం పాట ముగింపుకి రాగానే అలవాటుగా కాకలి నిషాదం వేస్తుంది. పై షడ్జానికి తోసేది అదే కదా, అది లేకుండా ముగింపు ముగింపులా అనిపించదు వాళ్ళకి. ‘బానిష్ మిస్‌ఫార్చ్యూన్’ అనే జిగ్ (ఒక రకం నాట్య వరస) ఉంది, డి ఆధార షడ్జం. వరసలో సి నేచురల్ పదే పదే పలుకుతుంది. కింద కీబోర్డు ఎ మేజర్ కార్డ్ వేసిందంటే అందులో సి షార్ప్ ఉంటుంది. పైన కైశికి, కింద కాకలి. హరికాంభోజి పాడుతుంటే పక్కన ఎవరో శంకరాభరణం అందుకున్నట్టు ఉంటుంది.

విరుగుడు తేలిక. అలాంటి వరసల్లో ముగింపుకి ఎ కార్డ్ బదులు సి మేజర్ నుంచి డికి రండి. లేదా కార్డ్ ఏదీ వద్దు, చెల్లో డి, ఎ తీగల్ని కలిపి మోగిస్తూ ఉంటే చాలు. కారొలన్ కాన్చెర్టో లాంటి వాటికి మాత్రం ఈ జాగ్రత్త అక్కర్లేదు, అవి మేజర్‌లోనే ఆలోచించిన వరసలు, బరోక్ ముగింపు వాటికి అందంగా నప్పుతుంది. ఏ వరస ఏ జాతిదో ముందు పాడి చూసుకుని తేల్చుకోండి. కాగితం మీద కీ చూసి నిర్ణయించకండి.

శ్రుతి సంగతి. ఇక్కడ చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. బరోక్ బృందాలు సాధారణంగా ఎ స్వరాన్ని 415 హెర్ట్జ్‌కి పెట్టుకుంటాయి. ఇప్పటి వాద్యాలది 440. తేడా సరిగ్గా అర స్వరం. మీ స్నేహితుడి డి విజిల్ 440 వాద్యం. 415 వాళ్ళకి అది ఇ ఫ్లాట్‌లో వినిపిస్తుంది. వయొలిన్, చెల్లో ఇ ఫ్లాట్‌లో వాయించాలంటే ఆధార షడ్జానికీ పంచమానికీ ఖాళీ తీగ ఒక్కటీ దొరకదు, ఐరిష్ వరసకి ప్రాణం ఆ ఖాళీ తీగల మోతలోనే ఉంది. మేం ఒకసారి మొండిగా ఇ ఫ్లాట్‌లోనే సాధన చేసి ఒక చిన్న ఊళ్ళో చర్చి కచేరీకి వెళ్ళాం. నా వేళ్ళు తడబడ్డాయి, రెండో రీల్ (ఇంకో రకం నాట్య వరస) మధ్యలో ఆపి మళ్ళీ ఎత్తుకోవలసి వచ్చింది. ఆ రోజు నుంచి ఆ తప్పు మళ్ళీ చెయ్యలేదు.

ఇల్లిన్ పైప్స్ (మోచేతి కింద తిత్తితో గాలి ఊది వాయించే ఐరిష్ వాద్యం) వాళ్ళ దగ్గర ఒక అందమైన పరిష్కారం ఉంది. డి కంటే తక్కువ శ్రుతి సెట్లని వాళ్ళు ఫ్లాట్ సెట్లంటారు. అందులో సి షార్ప్ సెట్ ఉంటుంది. 440లో సి షార్ప్ అంటే 415లో సరిగ్గా డి. ఆ పైపర్ తనకి అలవాటైన వేళ్ళతోనే వాయిస్తాడు, మేం మా డిలో మేం వాయిస్తాం. ఇద్దరూ కలిసి ఆధార షడ్జం పట్టిన మొదటి నిమిషం నాకింకా గుర్తుంది. పైప్స్‌కి కింద ఎప్పుడూ మోగే శ్రుతి ఉంటుంది కదా, మన తంబురాలాగా. దాని మీద వాళ్ళ గాంధారం తంబురాలో తనంతట తాను పుట్టే స్వయంభూ గాంధారమే. పియానో గాంధారం దానికంటే 14 సెంట్లు (అర స్వరానికి 100 సెంట్లు) ఎక్కువ. అందుకే పైప్స్ పక్కన పియానో పెడితే చెవికి ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది, మీన్‌టోన్ పద్ధతిలో (గాంధారాలు శుద్ధంగా పలికేలా చేసే పాత పద్ధతి) శ్రుతి చేసిన హార్ప్సికార్డ్ పెడితే ఆ ముల్లు పోతుంది.

మీ నలుగురికి ఇంత అవసరం లేదు. అందరూ 440లోనే ఉండండి. కొత్త వాద్యాలు కొనకండి. మీ కీబోర్డులో ట్యూనింగ్ మార్చే వీలుంటే మీన్‌టోన్ ఎంచుకుని, డి, జి కీలలో ఒకసారి వినండి. తేడా మీకే తెలుస్తుంది.

ఇప్పుడు కమాను, గమకాలు. గమకాల దగ్గర కర్ణాటక సంగీతం విన్న చెవి నిజంగా సాయపడుతుంది. ఐరిష్ ఫిడిల్‌లో రోల్ అని ఒకటుంది. మూల స్వరం, పై స్వరం మీద ఒక్క తాకు, మళ్ళీ మూలం, కింది స్వరం మీద ఒక్క తాకు, మళ్ళీ మూలం. కాగితం మీద చూస్తే బరోక్ వాళ్ళ టర్న్‌కి అన్నదమ్ములా కనిపిస్తుంది. చెవికి మాత్రం వేరు. బరోక్‌లో ఆ పై స్వరం, కింది స్వరం నిజమైన స్వరాలు, పలకాలి, వాటిలో కింది బేస్‌తో ఒక రాపిడి, ఒక తీపి ఉంటుంది. రోల్‌లో ఆ తాకులు స్వరాలు కావు, చిటికెలు. మూల స్వరాన్ని మూడు ముక్కలు చేసే చిటికెలు. జంట స్వరాల్లో స్ఫురితం పలికించేటప్పుడు రెండో స్వరానికి ముందు కింది స్వరాన్ని తాకి నొక్కుతాం చూడండి, ఆ పనికి దగ్గర ఇది. ఇక్కడ పై నుంచి కూడా తాకుతారు, అంతే. మా బరోక్ మిత్రులకి రోల్ నేర్పడానికి నేను నోట్లు చూపించడం మానేసి, ‘స స, రి రి’ అని జంటలు పాడి చూపిస్తాను. గంటలో వచ్చేస్తుంది.

కాబట్టి ఒక వరసలో ఒకే రకం గమకం. ఐరిష్ నాట్య వరసలో ట్రిల్ (పక్క స్వరంతో వేగంగా మార్చి మార్చి పలికించడం) వేయకండి. కోరెల్లి అడాజియోలో (నిదానమైన భాగంలో) రోల్ వేయకండి. కారొలన్‌లో మాత్రం రెండూ నిలబడతాయి. నేనైతే మొదటిసారి సాదాగా, రెండోసారి చిటికెలతో, ముగింపు ముందు మాత్రం ఒక బరోక్ ట్రిల్.

కమాను దగ్గర పేచీ వస్తుందని మీ వయొలిన్ గురువు హెచ్చరించవచ్చు. బార్ మొదటి దెబ్బకి కమాను కిందికి లాగాలన్నది బరోక్ బళ్ళో మొదటి పాఠం. ఐరిష్ ఫిడిలర్ దెబ్బ ముందు స్వరాన్నీ దెబ్బ స్వరాన్నీ కలిపి ఒకే కమానులో లాగేస్తాడు, బరువు దెబ్బ మీద కాక పక్కన పడుతుంది, దానివల్లే ఆ ఊపు. మరి జెమినియాని 1751లో వేసిన తన వయొలిన్ పుస్తకంలో ఏమన్నాడో తెలుసా? ప్రతి బార్ మొదటి స్వరానికి కమాను కిందికే లాగాలన్న నియమం దిక్కుమాలిందని, దాన్ని పాటించవద్దని. అంతకుముందు ఏళ్ళ తరబడి డబ్లిన్‌లో ఉన్న మనిషి మాట అది. మీ గురువుకి గౌరవంగా ఆ పుట చూపించండి.

వదిలేయవలసినవి కూడా ఉన్నాయి. షాన్ నోస్ పాటలు (ఐరిష్ భాషలో ఒంటరిగా పాడే పాత పాటలు), స్లో ఎయిర్లు (వాద్యం మీద వాయించే నిదానమైన వరసలు) తాళం లేకుండా మాటల వెంట నడుస్తాయి. వాటి కింద బేస్ గీత పెట్టకండి. ఎంత బాగా రాసినా అది వాటిని గడియారానికి కట్టేస్తుంది. ఒక్క శ్రుతి మీద, లేదా ఏమీ లేకుండా, విజిల్ ఒంటరిగా వాయించనివ్వండి. ఆ నిశ్శబ్దం కార్యక్రమానికి మంచిది. బోధ్రాన్ అనే డప్పు లేకపోతే ఐరిష్‌లా ఉండదని ఎవరైనా అంటే వినకండి. బృందాల్లో దానికి చోటు దొరికింది ప్రధానంగా 1960లలో, ఓ రీయదా చలవతో. హార్ప్సికార్డ్ పక్కన అది మోగితే హార్ప్సికార్డ్ వినిపించదు. హార్న్‌పైప్ అనే నాట్య వరస పేరు చూసి కూడా మోసపోవద్దు. హాండెల్ ‘వాటర్ మ్యూజిక్’లో హార్న్‌పైప్ మూడు దెబ్బలది, సెషన్‌లో వాయించే హార్న్‌పైప్ నాలుగు దెబ్బలది. పేరొక్కటే.

ఇంకొక మాట నిజాయితీగా చెప్పాలి. ఇప్పుడు సెషన్లలో వినిపించే రీళ్ళు, హార్న్‌పైప్‌లు చాలావరకు 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దంలో వచ్చినవి. అప్పటికి బరోక్ అయిపోయింది. అందుకని కార్యక్రమం పత్రంలో ‘1730ల డబ్లిన్‌లో ఇలాగే వాయించేవారు’ అని రాయకండి. కారొలన్ వరకు ఆ మాటకి కొంత ఆధారం ఉంది. మిగతాది మీ ఇష్టంతో కలిపిన కలయిక, అలా చెప్పుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

అరగంటకి నేనైతే ఇలా పెడతాను. ‘షీబెగ్ షీమోర్’తో మొదలు, పైన చెప్పిన పలచని బేస్‌తో. తర్వాత కోరెల్లి అయిదో ఓపస్ తొమ్మిదో సొనాటా, ఎ మేజర్. అందులో జిగా అనే నాట్య భాగం ఉంటుంది, తిశ్ర నడక. జిగా అయిపోగానే ఆపకండి. చెల్లో ఖాళీ ఎ తీగని అలాగే మోగిస్తూ ఉంటే, విజిల్ దాని మీద ఎ ఆధారంగా ఉన్న ఒక ఐరిష్ జిగ్ ఎత్తుకోవాలి. ఇటలీ జిగా, ఐర్లండ్ జిగ్ ఒకే కుదుటివని ఎవరూ వివరించనక్కర్లేదు, వినేవాళ్ళ కాళ్ళే చెబుతాయి. ఆ తర్వాత విజిల్ ఒంటరిగా స్లో ఎయిర్. ‘బానిష్ మిస్‌ఫార్చ్యూన్’, సి మేజర్ ముగింపుతో. చివర ‘కారొలన్ కాన్చెర్టో’, నలుగురూ, ఈసారి కీబోర్డు అబ్బాయికి రెండు చేతులూ వదిలిపెట్టి.

మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి ఒక కోరిక కూడా చెబుతాను. ముత్తుస్వామి దీక్షితార్ నొట్టుస్వరాలు ఒకటి రెండు కలపగలరేమో చూడండి. మద్రాసులో కంపెనీ బ్యాండ్లు వాయించిన వరసలకి ఆయన సంస్కృత సాహిత్యం కట్టినవి, అన్నీ శంకరాభరణమే. ‘సంతతం పాహిమాం’ వింటే బ్రిటిష్ జాతీయ గీతం వినిపిస్తుంది. వాటిలో ఐరిష్ వరస కూడా ఉంది. పరాయి వరసని మార్చకుండా ఉంచి, చుట్టూ తనది అల్లడం ఎలాగో ఆయన రెండు శతాబ్దాల క్రితమే చేసి చూపించారు.

సాధన మొదటి రెండు వారాలు కాగితాలు మూసెయ్యండి. ఐరిష్ వరసలు నలుగురూ, చెల్లో అమ్మాయితో సహా, విజిల్ నుంచి చెవితోనే నేర్చుకోవాలి. బేస్ వాయించే మనిషికి వరస నోట్లో ఆడుతుంటే ఎక్కడ ఆపాలో ఆ చేతికే తెలుస్తుంది. మా బృందంలో కాగితం చూసి బేస్ వాయించిన రోజులకీ, పాడుకుంటూ వాయించిన రోజులకీ మధ్య తేడా గది బయట నిలబడ్డా వినిపించేది.

మీ చెల్లోకి నరాల తీగలా, స్టీల్ తీగలా? కీబోర్డు మోడల్ ఏది? ఆ రెండూ కింద రాస్తే, మీన్‌టోన్ ఎలా పెట్టాలో, బేస్ స్వరాలు మొదటి ఎనిమిది బార్లకి ఎలా వేయాలో విడిగా రాసిపెడతాను.